నేల కింది నిప్పు

పిల్లలూ! కడప జిల్లాలో యర్రగుంట్ల నుంచి వేంపల్లెకు పోయే దారి మీద వీరపునాయునిపల్లె అనే ఊరున్నది. పేరు పొడుగైనది గనుక మనుషుల నోట అది వి.ఎన్. పల్లె అయింది. ఈ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా మీ కాలు ముందుగా నాపరాతి మీద పడుతుంది. ఇంట్లో పరిచిన బండ నాపరాయి. వీధి అరుగు నాపరాయి. కొన్ని చోట్ల దొడ్డికి కంచెగా నిలబెట్టిన పలకలు కూడా నాపరాళ్ళే. పుస్తకంలో కాగితాల మాదిరి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఈ రాయి, ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద.

ఈ మాట తరగతిలో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడిగేవారు: "సార్, సముద్రం అడుగున చచ్చిన జీవరాసులు బురద కింద పూడి చమురుగా మారుతాయని పాఠంలో ఉన్నది. మన నేల సముద్రం అడుగే అయితే, మన బోర్లలో చమురెందుకు పడదు?"

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు నేల వయసులో ఉన్నది. కడప సీమలోని పాత రాళ్ళ వయసు నూరు కోట్ల సంవత్సరాలు దాటిపోయింది. అవి ఏర్పడేనాటికి చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. నీళ్ళలో నాచు వంటి సూక్ష్మజీవులు మాత్రమే ఉండేవి. వేంపల్లె పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే ఒక రాతి పొర ఉన్నది. ఆ సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన గుండ్రని మడతలు అందులో నేటికీ కనిపిస్తాయి. అంత పాత రాతిలో ఏ కాస్త చమురు పుట్టినా, భూమి వేడికీ, వత్తిడికీ, పగుళ్ళకూ తట్టుకొని ఇంతకాలం నిలవటం అరుదు.

మన తెలుగు దేశంలో చమురూ, సహజవాయువూ ఉన్నది కృష్ణా గోదావరి డెల్టాల కింద, వాటి ముందున్న సముద్రంలోనూ. ఆ నేల మన నేలకంటె ఎంతో చిన్నది. 1978లో నరసాపురం దగ్గర తవ్విన బావిలో గ్యాసు పడిన తరవాత అక్కడ పని జోరందుకున్నది.

అయితే ఈ నెల మీకు చెప్పదలచినది డెల్టా సంగతి కాదు. భూమి లోపల చమురున్నా, బావి తవ్వినా, పైకి రానని మొండికేసే చమురు ఒకటున్నది. దాన్ని కదిలించటానికి మనుషులు భూమిలోపలే నిప్పు పెట్టారు! ఆ నిప్పు మన దేశంలోనే, గుజరాతులో, మెహసానా జిల్లాలో ఉన్నది. రండి, అక్కడికి పోయి వద్దాం.

ఎర్రనేల నుంచి ఇసుకనేలకు

యర్రగుంట్లలో ముంబయి పోయే రైలెక్కండి. కిటికీ పక్కన కూర్చుంటే సగం భూగోళం పాఠం అక్కడే అయిపోతుంది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు దాటాక రాయచూరు ఇవతల తుంగభద్ర, అవతల కృష్ణ వస్తాయి. ఆపైన షోలాపురం నల్లరేగడి. పుణె దాటి లోణావళా వచ్చేసరికి రైలు కొండల్లోంచి సొరంగాలు దూరుతూ కిందికి దిగుతుంది. ముంబయిలో రైలు మారి ఉత్తరంగా పోవాలి.

సూరతు దాటాక అంకలేశ్వరం అనే స్టేషను వస్తుంది. ఇక్కడ 1960లో చమురు పడింది. స్వతంత్ర భారతదేశంలో చమురు కోసం 1956లో ఏర్పడిన ఓ.ఎన్.జి.సి. సంస్థకు అది మొదటి పెద్ద విజయం. ఆ బావికి నెహ్రూగారు "వసుధార" అని పేరు పెట్టారు. ఆ వెంటనే నర్మదా నది వస్తుంది. వడోదర, అహమదాబాదు దాటి ఇంకో డెబ్భై, ఎనభై కిలోమీటర్లు పోతే మెహసానా.

మెహసానా చుట్టూ చెట్టూ చేమా తక్కువ, ఆకాశం ఎక్కువ. కాని పొలాల్లో పంట చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. ఎటు చూసినా ఆముదపు చెట్లు! దేశంలో ఆముదం ఎక్కువగా పండే చోట్లలో ఇదొకటి. మెహసానా గేదెలకూ పెద్ద పేరున్నది. ఆముదపు చేలకూ గేదెల మందలకూ మధ్య ఇనుప పంపులు తల ఊపుతూ నిలబడి ఉంటాయి. దూరం నుంచి చూస్తే అచ్చం మన ఏతం! ఒక చివర పైకి లేస్తే ఇంకో చివర కిందికి వంగుతుంది. మన ఏతం మీద మనిషి నడిచేవాడు, నీళ్ళు వచ్చేవి. దీన్ని మోటారు నడుపుతుంది, చమురు వస్తుంది.

మెహసానా పడమట బలోల్, సంథాల్ అని రెండు ఊళ్ళున్నవి. మనం చూడవలసిన నిప్పు ఆ ఊళ్ళ పొలాల కింద, సుమారు ఒక కిలోమీటరు లోతున ఉన్నది. నేల మీద చెయ్యి ఆనించి చూడండి. వేడేమైనా తగులుతున్నదా? తగలదు. మధ్యలో కిలోమీటరు మందాన రాయీ మట్టీ ఉన్నవి. రాయి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. అందుచేత పైన గేదె నిశ్చింతగా మేస్తుంది, రైతు నాగలి పట్టుకుంటాడు.

చమురు ఎందుకు మొండికేసింది?

బలోల్ కింద చమురున్నట్టు 1970లో తెలిసింది. అది ఇసుకరాతిలో ఉన్నది. చమురు భూమిలో చెరువుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. తడి ఇసుకలో నీరు ఎట్లా ఉంటుందో, రాతి రేణువుల సందుల్లో చమురు అట్లా ఉంటుంది. ఆ సందుల్లోంచి పాకుతూ బావిదాకా రావాలి.

బలోల్ చమురు మహా చిక్కన. నీటి చిక్కదనం ఒకటి అనుకుంటే, దీని చిక్కదనం నూరు మొదలు నాలుగు వందల యాభై దాకా ఉన్నది. అదీ భూమిలోపల, సుమారు 70 డిగ్రీల వేడిలో! పైకి వచ్చి చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. ఇటువంటిదాన్ని బరువు చమురు అంటారు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు చిన్న సీసాల్లో సగం సగం ఆముదం పోసి మూత బిగించండి. ఒక సీసాను అమ్మనడిగి, స్నానానికి కాచిన వేణ్ణీళ్ళలో పది నిముషాలు ఉంచండి. రెండోదాన్ని కుండనీళ్ళలో ఉంచండి. తరవాత రెండింటినీ ఒక్కసారి తలకిందులు చేయండి. వేడి ఆముదం గబుక్కున జారుతుంది. చల్లనిది బద్ధకంగా కదులుతుంది. నూనె మారలేదు, వేడి ఒక్కటే మారింది. ఈ ఒక్క సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. మిగతా కథంతా దీని మీదనే నడుస్తుంది.

బలోల్ చమురుకు ఇంకొక చిక్కున్నది. ఆ ఇసుకరాతి అంచున నీరున్నది. బావిలోంచి చమురు తోడుతుంటే, ఖాళీ అయిన చోటికి ఆ నీరు వస్తుంది. నీరు చమురును ముందుకు తోస్తుంది గదా, మంచిదే కదా అనుకుంటారు మీరు. కాని ఇద్దరు పిల్లలు పరుగెత్తుతుంటే వెనకవాడు చురుకైనవాడైతే ఏం చేస్తాడు? ముందువాణ్ణి తోయడు, పక్కనుంచి తప్పుకొని ముందుకు పోతాడు. నీరు కూడా అంతే. చిక్కటి చమురును ఉన్నచోటనే వదిలి, సందులు చూసుకొని బావిలోకి దూకుతుంది. అప్పుడు పంపు చమురుకు బదులు నీళ్ళు తోడుతుంది!

అందుచేత బలోల్ నేలలో నూరు బిందెల చమురుంటే, మామూలు పద్ధతిలో పైకి వచ్చేది సుమారు పదమూడు బిందెలని లెక్క తేలింది. మిగిలిన ఎనభై ఏడు రాతిలోనే ఉండిపోవాలి. మన దేశం వాడే ముడిచమురులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా పైదేశాల నుంచి కొంటున్నాం. సొంత ఇంట్లో ఎనభై ఏడు బిందెలు పాతిపెట్టి, పొరుగింట్లో అప్పు చేసినట్టున్నది కదా!

నిప్పే ఎందుకు?

చమురును వేడిచేస్తే జారుతుందని ఆముదం చెప్పింది. మరి వేడి ఎట్లా పంపటం? కొన్ని దేశాలలో బావిలోకి ఆవిరి పంపుతారు. తక్కువ లోతులో అది బాగానే పనిచేస్తుంది. కాని బలోల్‌లో చమురు కిలోమీటరు లోతున ఉన్నది. ఆవిరి గొట్టంలో దిగుతూ దిగుతూ దారిలోనే తన వేడిని చుట్టూ ఉన్న రాళ్ళకు పంచిపెడుతుంది. అడుగుకు చేరేసరికి దానిలో చేవ తగ్గుతుంది. వేడి వేడి సాంబారు గిన్నెలో పోసి పక్క ఊరికి పంపినట్టు!

అప్పుడు ఇంజనీర్లు ఇట్లా ఆలోచించారు: "వంట చేసి పంపటం కంటె, అక్కడే పొయ్యి పెడితే పోలేదా? కట్టెలు మోసుకుపోనక్కరలేదు, చమురే అక్కడ కట్టె. మనం గాలి ఒక్కటి పంపితే చాలు."

ఈ ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. బొగ్గును గనిలోనే మండించి వాయువుగా పైకి తేవచ్చునని రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవు 1888లోనే అన్నాడు. మీరు రసాయన శాస్త్రంలో మూలకాల పట్టిక చదువుకుంటారే, దాన్ని కూర్చిన మెండలీవే! చమురు విషయంలో రుమేనియా దేశంలో సుప్లాకు దె బర్కౌ అనే చోట 1964లో పరీక్షగా నిప్పు పెట్టారు. అక్కడ చమురు పొర చాలా పైపైనే ఉన్నది. ఆ పరీక్ష ఫలించి, ప్రపంచంలో ఈ జాతి పనులన్నిటిలోకీ పెద్దదిగా పెరిగింది.

మన బలోల్‌లో 1990లో ఒక చిన్న తావులో పరీక్ష మొదలుపెట్టారు. ఏడేళ్ళు దాన్ని గమనించి, 1997లో బలోల్‌లోనూ సంథాల్‌లోనూ పెద్ద ఎత్తున చేపట్టారు.

ఊదుబత్తి పాఠం

భూమిలో నిప్పంటే పెద్ద మంట భగభగలాడుతుందని ఊహించుకోకండి. అక్కడ మంట లేవటానికి చోటే లేదు. దేవుడి పటం ముందు వెలిగించిన ఊదుబత్తిని చూడండి. కొసన ఎర్రటి చుక్క ఉంటుంది. అది మెల్లమెల్లగా పాకుతుంది. దాని వెనక బూడిద, దాని ముందు ఇంకా కాలని బత్తి. ఎర్రచుక్కకు అతి దగ్గరగా ఉన్న భాగం కాలకముందే వేడెక్కి వాసన వదులుతుంది. భూమిలో నిప్పు కూడా ఇట్లాంటిదే.

ముందుగా ఒక బావిలోకి గాలి పంపుతారు. దాన్ని గాలిబావి అందాం. బావి అడుగున దీపం వంటి గ్యాసు పొయ్యిని దించి రాతిని వేడిచేస్తే, చమురు రాజుకుంటుంది. తరవాత పొయ్యిని పైకి తీసేస్తారు. గాలి అందుతున్నంతకాలం నిప్పు తనంతట తాను ముందుకు పాకుతుంది. ఎంత వేగంతో? రోజుకు కొన్ని సెంటీమీటర్లు! నత్త కూడా దాన్ని చూసి నవ్వుతుంది. కాని ఆ నత్తనడకలోనే దాని వేడి 400 మొదలు 600 డిగ్రీల దాకా ఉంటుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుందని మీకు తెలుసు కదా.

గాలిబావి దగ్గర నుంచి మొదలుపెట్టి మనం ఒక చీమలాగా ఆ రాతి సందుల్లో నడిచిపోతే వరసగా ఏమేమి కనిపిస్తాయో చూడండి.

మొదట కాలిపోయిన చోటు. శుభ్రమైన వేడి ఇసుకరాయి, చమురు చుక్కయినా ఉండదు.

తరవాత నిప్పు గీత. ఎర్రగా కాగుతూ ఉంటుంది.

దాని ముందర నల్లటి బొగ్గు వంటి మడ్డి రాతికి అంటుకొని ఉంటుంది. దీన్ని కోకు అంటారు.

ఆపైన ఆవిరి, వేడినీళ్ళు.

వాటి ముందర వేడెక్కి పలచబడిన చమురు, తోసుకుంటూ తోసుకుంటూ బావివైపు పోతూ ఉంటుంది.

చిట్టచివర, ఈ హడావిడి ఏమీ తెలియకుండా నిద్రపోతున్న చల్లటి చమురు.

నిప్పుకు వెనక ఉన్న రాతిలో బోలెడంత వేడి వృథాగా మిగిలిపోతుంది. అందుచేత గాలితోపాటు కొంత నీరు కూడా పంపుతారు. ఆ నీరు వేడి రాతి మీద ఆవిరి అయి, వెనకబడిన వేడిని మోసుకొని ముందుకు చేరుస్తుంది. బలోల్‌లోనూ ఈ ఉపాయమే వాడారు. పైనుంచి దించలేమని వదిలేసిన ఆవిరి, చివరకు అక్కడే తయారయింది!

ఇంకో తెలివి చూడండి. ఈ చమురు పొర నేల లోపల ఏటవాలుగా ఉన్నది. అందుచేత నిప్పును ఎత్తు వైపున వరసగా రాజేసి, పల్లానికి నడిపిస్తారు. గాలి తేలిక గనుక పైన ఉంటుంది. చమురు బరువు గనుక కిందికి జారుతుంది. పల్లాన ఉన్న బావులు దాన్ని అందుకుంటాయి.

మడ్డే వంటచెరకు

వెన్న కాచి నెయ్యి చేయటం మీరు చూసే ఉంటారు. పైన తేటగా నెయ్యి తేలుతుంది, అడుగున మడ్డి మాడుతుంది. బరువు చమురు కూడా గట్టి వేడికి ఇట్లాగే విడిపోతుంది. దానిలోని పెద్ద పెద్ద అణువులు విరిగి చిన్నవి అవుతాయి. చిన్నవి తేలికగా, పలచగా ఉండి ముందుకు పారిపోతాయి. విరగగా మిగిలిన మడ్డి కోకై రాతికి అంటుకుంటుంది. నిప్పు కాల్చేది ఎక్కువగా ఈ కోకునే. అంటే మంచి చమురు తప్పించుకుంటున్నది, మడ్డి వంటచెరకు అవుతున్నది!

సాధారణంగా గనిలోంచి తెచ్చిన దాన్ని పైన శుద్ధి చేస్తారు. వి.ఎన్. పల్లెకు దగ్గరలోని తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజాన్ని సొరంగాల నుంచి పైకి తెచ్చి మిల్లులో శుద్ధి చేస్తారు. చమురును కూడా శుద్ధి కర్మాగారంలో వేడిచేసి, విరిచి, కోకును వేరుచేస్తారు. బరువు చమురుకు నిప్పు పెట్టినప్పుడు ఆ పనిలో కొంత భూమిలోపలే అయిపోతుంది.

దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోవాలని ఇంగ్లండులో బాత్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మాల్కమ్ గ్రీవ్స్ ఒక పద్ధతి ఆలోచించాడు. చమురు తీసే బావిని నిలువుగా దించి, అడుగున పొర వెంబడి అడ్డంగా చాలా దూరం పడుకోబెడతారు. నిప్పు ఆ పడుకున్న బావి కొసనుంచి మొదలుదాకా నడుస్తుంది. వేడెక్కిన చమురు దూరం పోనక్కరలేకుండా వెంటనే బావిలోకి జారుతుంది. ఆ బావి చుట్టూ రసాయనపు గుళికలు పేర్చి, చమురు వాటిలోంచి వస్తూ ఇంకా తేలిక పడేట్టు చేయాలని కూడా ఒక ఆలోచన. కెనడా దేశంలో అల్బర్టాలో కాంక్లిన్ అనే ఊరి దగ్గర 2006లో ఈ అడ్డబావి పద్ధతిని నేలలో పరీక్షించారు. ప్రయోగశాలలో బాగా పనిచేసిన ఈ పద్ధతి, నిజం నేలలో అనుకున్నంతగా ఫలించలేదు. పెద్దగా వ్యాపించనూ లేదు. ప్రయోగశాల గొట్టంలో ఇసుక ఒకే తీరుగా ఉంటుంది. భూమి అట్లా ఉండదు. ఎక్కడ పగులు ఉన్నదో, ఎక్కడ మట్టి అడ్డమున్నదో ముందుగా ఎవరికి తెలుసు?

గాలి లెక్క

నిప్పుకు కట్టె భూమిలో ఉన్నది సరే, గాలి ఎంత పంపాలి? పెన్సిలు తీసుకోండి.

ఒక కిలో కర్బనం పూర్తిగా కాలటానికి సుమారు 2.67 కిలోల ఆక్సిజన్ కావాలి. గాలి బరువులో ఆక్సిజన్ నూటికి 23 పాళ్ళు మాత్రమే. కాబట్టి 2.67ను 0.23తో భాగించండి. సుమారు 11.6 కిలోల గాలి! ఒక ఘనమీటరు గాలి 1.2 కిలోలుంటుంది. అంటే దాదాపు పది ఘనమీటర్ల గాలి. కిలో మడ్డి కాలటానికి చిన్న గదిలో సగానికి దగ్గరగా గాలి కావాలన్న మాట.

ఈ గాలిని ఊరికే వదిలితే పోదు. కిలోమీటరు లోతున వత్తిడి మన చుట్టూ ఉన్న గాలి వత్తిడికి సుమారు నూరు రెట్లు. సైకిలు చక్రంలో గాలి వత్తిడి మూడు నాలుగు రెట్లకు మించదు. దానికే మీరు పంపు కొట్టి కొట్టి ఆయాసపడతారు, పంపు అడుగు చెయ్యి కాలేంతగా వేడెక్కుతుంది. అటువంటిది నూరు రెట్లకు పైగా వత్తిడితో రాత్రింబగళ్ళు గాలి నూకాలి. అందుకోసం బలోల్, సంథాల్ దగ్గర పెద్ద పెద్ద గాలియంత్రాలు పెట్టారు. ఆ యంత్రాలకూ విద్యుత్తో గ్యాసో ఖర్చవుతుంది. భూమిలో నిప్పు ఉచితం కాదు.

పొగను చదివేవాళ్ళు

పొయ్యి మీద అన్నం ఉడికిందో లేదో అమ్మ మూత తీసి చూస్తుంది. కిలోమీటరు లోతున ఉన్న పొయ్యి మూత ఎవరు తీస్తారు? కంటికి కనిపించని నిప్పును ఎట్లా తెలుసుకోవటం?

పొగను బట్టి! చమురు బావుల్లోంచి చమురుతోపాటు పొగ కూడా వస్తుంది. దాన్ని పట్టి ప్రయోగశాలలో పరీక్షిస్తారు. బొగ్గుపులుసు వాయువు తగినంత ఉండి, ఆక్సిజన్ దాదాపు లేకపోతే, పంపిన గాలి అంతా నిప్పుకు అందుతున్నదని అర్థం. బొగ్గుపులుసు వాయువు తగ్గితే నిప్పు నీరసించిందని అర్థం. ఆక్సిజన్ కనిపిస్తే మాత్రం అందరూ ఉలిక్కిపడతారు. గాలి నిప్పుకు చిక్కకుండా ఏ పగులులోంచో దొంగదారిన బావికి చేరుతున్నది. ఆక్సిజనూ, చమురు ఆవిరీ, వేడీ ఒక గొట్టంలో కలిస్తే పేలుడు!

ఇంకో ప్రమాదం గాలిబావి దగ్గర ఉన్నది. గాలియంత్రం హఠాత్తుగా ఆగితే, లోపలి వత్తిడికి చమురు వెనక్కి తిరిగి ఎర్రగా కాగుతున్న బావివైపు రావచ్చు. తరవాత మళ్ళీ గాలి వదిలితే నిప్పూ చమురూ గాలీ ఒక్కచోట కలుస్తాయి. అందుచేత ఇటువంటి చోట యంత్రాన్ని ఆపటానికి కూడా ఒక క్రమం ఉంటుంది. ముందు నీరో, మండని నత్రజనో పంపి బావిని కడిగిగాని ముందుకు పోరు.

నిప్పు అదుపు తప్పితే ఎట్లా ఉంటుందో మన తెలుగువాళ్ళు కళ్ళారా చూశారు. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర, తవ్వుతున్న బావిలోంచి గ్యాసు ఒక్కసారి తన్నుకొచ్చి అంటుకున్నది. కొబ్బరితోటల పైన ఆ మంట రెండు నెలలకు పైగా మండింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదిలి పోవలసి వచ్చింది. పెద్దవాళ్ళనడగండి, ఆ రాత్రుల వెలుతురు గురించి చెబుతారు. అది ఎవరూ పెట్టని నిప్పు, ఎవరికీ లొంగని నిప్పు. బలోల్‌ది పిలిచి కూర్చోబెట్టిన నిప్పు. రెండింటికీ తేడా నిప్పులో లేదు. గాలి ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్న లెక్కలో ఉన్నది. ఆ లెక్క రాత్రి రెండు గంటలకు కూడా నిద్ర మానుకొని చూసేవాడిలో ఉన్నది.

మిగిలిన లెక్క

ఇప్పుడు మన నూరు బిందెల లెక్క పూర్తిచేద్దాం. నిప్పు సాయంతో బలోల్‌లో నూటికి పదమూడు బదులు నలభై బిందెల దాకా తీయవచ్చునని ఇంజనీర్లు లెక్కగట్టారు. ఇటువంటి పనిలో సాధారణంగా అయిదు మొదలు పది బిందెల దాకా నిప్పుకు ఆహుతి అవుతుంది. పదే అనుకోండి. నలభై, పది కలిపి యాభై. మిగతా యాభై బిందెలు ఇంకా రాతిలోనే ఉన్నవి! ఇంత తెలివీ, ఇంత శ్రమా ఖర్చుపెట్టి మనం సగం మాత్రమే కదిలించగలిగాం.

ఆ కాలిన పది బిందెలు ఏమయ్యాయి? ఒక కిలో కర్బనం కాలితే 3.67 కిలోల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. కిలో కర్బనానికి ఆక్సిజన్ బరువు కలుస్తుంది గనుక బరువు పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం బావుల ద్వారా పైకి వచ్చి ఆకాశంలో కలుస్తుంది. పైకి తెచ్చిన నలభై బిందెలు మన లారీల్లో, ట్రాక్టర్లలో, బస్సుల్లో కాలి అవీ ఆకాశానికే పోతాయి. భూమి వేడెక్కటానికి ఈ వాయువే ముఖ్య కారణం. అనంతపురం, కడప జిల్లాల పిల్లలకు ఎండ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఈ లెక్క కూడా అదే కాగితం మీద రాసుకోవాలి. వచ్చిన లాభం ఒక వైపున రాసి, పొగ రెండో వైపున రాయకపోతే ఆ చిట్టా తప్పు.

బలోల్ నుంచి ఇంకా ప్రయాణం మిగిలి ఉన్నది. మెహసానాకు పడమట పాతిక కిలోమీటర్ల దూరంలో మొధేరా అనే ఊరున్నది. అక్కడ సుమారు 1026–27లో సోలంకి రాజు మొదటి భీముడి కాలంలో కట్టిన సూర్యదేవాలయం ఉన్నది. తూర్పుముఖంగా రాతి మంటపం, దాని ముందు మెట్లు మెట్లుగా దిగే పెద్ద కోనేరు, మెట్ల మీద బొమ్మరిళ్ళ వంటి చిన్న చిన్న గుళ్ళు. చూసి తీరవలసిన చోటు.

గుడి చూసి ఊళ్ళోకి రండి. ఇళ్ళ కప్పుల మీద నల్లటి పలకలు ఎండలో మెరుస్తుంటాయి. 2022 అక్టోబరు 9న, రాత్రింబగళ్ళు సూర్యశక్తితోనే నడిచే మన దేశపు మొదటి ఊరుగా మొధేరాను ప్రకటించారు. పగలు ఎండనుంచి పుట్టిన విద్యుత్తును బ్యాటరీలలో దాచుకొని రాత్రి వాడుకుంటారు.

కోనేటి మెట్ల మీద కూర్చొని కాసేపు ఆలోచించండి. బలోల్ చమురు కూడా ఒకప్పటి ఎండే. కోట్ల సంవత్సరాల కిందట నీళ్ళలోని సూక్ష్మజీవులు సూర్యుణ్ణి తాగి పెరిగాయి. అవి చచ్చి, పూడి, చమురయినాయి. ఒకే జిల్లాలో ఒకచోట పాత ఎండను నిప్పు పెట్టి, గాలి ఊది, సగానికి సగం వదులుకొని పైకి తెస్తున్నారు. ఇంకొకచోట నేటి ఎండను నేడే పట్టుకుంటున్నారు. రెండో పని పూర్తిగా మన అక్కరలన్నీ తీర్చేదాకా మొదటిది ఆగదు. కాని ఎంతకాలం ఆగకుండా ఉండాలి అన్నది మీరు పెద్దవాళ్ళయ్యాక తేల్చవలసిన లెక్క.

అందుకు ఇప్పటినుంచే కొంచెం అలవాటు పడండి. ఈ ఆదివారం మీ ఇంట్లో వారానికి ఎన్ని లీటర్ల పెట్రోలు, డీజిలు ఖర్చవుతున్నదో నాన్నగారినడిగి రాసుకోండి. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోలు, లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. హెచ్చవేసి, ఏడాదికి ఎంతో కట్టండి. జవాబు ఎన్ని బస్తాల బరువుకు సమానమో చూడండి. నడిచిపోగల దూరానికి బండి తీసిన రోజులెన్నో కూడా పక్కన రాయండి. లెక్క సరిగ్గా వచ్చిందో లేదో ఇంకొకసారి వెనకనుంచి చూసుకోవటం మరిచిపోకండి!